చిన్నమెదడులో చారల గడ్డ: తిరుపతిలో మాకు అందిన రోగనిర్ధారణ సేవపై సమీక్ష

తిరుపతిలోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో మా చెల్లెలికి ఉన్న అరుదైన జబ్బును అక్కడి న్యూరాలజీ, రేడియాలజీ విభాగాలు ఎలా కనిపెట్టాయో, ఆ క్రమంలో ఏది మెచ్చుకోదగినదిగా ఉందో, ఏది సరిదిద్దుకోవలసినదిగా ఉందో వివరంగా చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ప్రపంచ వైద్య సాహిత్యంలోనే కొన్ని వందల కేసులు మాత్రమే నమోదైన జబ్బు కాబట్టి, ఊరితోపాటు ఆసుపత్రి పేరు కూడా చెబితే రోగి ఎవరో తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమైపోతుంది. పేరు రాయవద్దన్నది మా చెల్లెలు పెట్టిన షరతు కూడా.

జబ్బు పేరు లెర్మిట్-డ్యుక్లో వ్యాధి. 1920లో ఫ్రాన్సులో లెర్మిట్, డ్యుక్లో అనే ఇద్దరు వైద్యులు దీన్ని మొదటిసారి వర్ణించారు. చిన్నమెదడులో ఒక పక్క భాగం నెమ్మదిగా, ఏళ్ల తరబడి ఉబ్బుతూ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మెదడు గడ్డల్లో మొదటి గ్రేడు కింద, అంటే అతి నెమ్మదిగా పెరిగే వాటిలో చేర్చింది. ఆ మాట వినగానే మా ఇంట్లో అందరం గుండెల మీద చేయి వేసుకున్నాము. కానీ పెద్దవయసులో బయటపడిన ఈ గడ్డ చాలాసార్లు కౌడెన్ సిండ్రోమ్ అనే, ఒంట్లో పలుచోట్ల గడ్డలు, కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చే వంశపారంపర్య లక్షణ సముదాయానికి గుర్తుగా వస్తుందనీ, అసలు జాగ్రత్త పడవలసింది తల విషయంలో కాదు, మిగతా ఒంటి విషయంలో అనీ ఆసుపత్రి వాళ్లు చెప్పేదాకా మాకు తెలియదు. నేను ఈ సేవను మెచ్చుకుంటున్నది ప్రధానంగా ఆ ఒక్క కారణానికే: స్కాన్‌లో కనిపించినదానికి ఒక పేరు పెట్టి చేతులు దులుపుకోకుండా, ఆ పేరు వెనుక కుటుంబం మొత్తానికి సంబంధించిన విషయం ఉందని గుర్తించి, దాన్ని రిపోర్టులో రాసి, నోటితో కూడా చెప్పారు.

అంతకు ముందు చిత్తూరులో జరిగినది క్లుప్తంగా చెబుతాను. ఉదయం నిద్ర లేవగానే తలనొప్పి, వాంతి, పొద్దెక్కేసరికి తగ్గిపోయేది. మొదట గ్యాస్ అన్నారు, తర్వాత సైనస్ అన్నారు, ఆ తర్వాత మైగ్రేన్ మాత్రలు ఇచ్చారు. నడుస్తున్నప్పుడు ఎడమవైపుకు తూలడం మొదలైనా, నిద్ర చాలక అనుకున్నారు. కళ్లద్దాల నంబరు మారిందేమోనని ఒక కంటి వైద్యురాలి దగ్గరకు వెళ్తే, ఆవిడ చుక్కలు వేసి లోపలి నరం ఉబ్బినట్టు చూసి, తలలో ఒత్తిడి పెరిగింది, ఆలస్యం చేయకుండా స్కానింగ్ తీయించుకోమని చీటీ రాసి ఇచ్చారు. ఆ వైద్యురాలికి మేము రుణపడి ఉన్నాము. తరువాత ఒక ప్రైవేటు స్కాన్ సెంటరులో కాంట్రాస్ట్ ఇంజక్షన్ లేకుండా తీసిన సీటీలో చిన్నమెదడు ఎడమ భాగం నల్లగా కనిపించిందనీ, పాత రక్తప్రసరణ దెబ్బ గానీ క్షయ గడ్డ గానీ కావచ్చుననీ రెండు వరుసల రిపోర్టు ఇచ్చారు. మన దేశంలో మెదడులో క్షయ గడ్డలు సాధారణమే కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. అయితే ఆ రెండు వరుసలను నమ్ముకుని నెలల తరబడి క్షయ మందులు మొదలుపెట్టేందుకు ఒక వైద్యుడు సిద్ధపడడం మాకు భయం కలిగించింది.

చిత్తూరు వాళ్లకు తలకు సంబంధించి ఏమైనా వస్తే మొదట గుర్తుకొచ్చేది తమిళనాడులోని రాయవేలూరు ఆసుపత్రి. అరవై ఏళ్లు దాటిన మా బంధువులంతా ముక్తకంఠంతో అక్కడికే తీసుకువెళ్లమన్నారు. చెల్లెలి అత్తగారి ఊరు రేణిగుంటకు దగ్గర కావడం, ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగే వీలుండడం, భాష ఇబ్బంది లేకపోవడం, ఈ మూడు కారణాల వల్ల మేము తిరుపతికి మొగ్గాము. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తున్నది. రాయవేలూరు తక్కువదని దీని అర్థం కాదు.

న్యూరాలజీ ఓపీ గురించి: తెల్లవారుజాము నుంచే క్యూ ఉంటుంది. చీటీ రాయించుకోవడానికి ఒక వరుస, బీపీ చూపించుకోవడానికి ఇంకొక వరుస, డాక్టరు గది ముందు మూడవ వరుస. తూలుతూ నడిచే మనిషిని ఈ మూడు వరుసల్లో నిలబెట్టడం కష్టమైన పని. చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, కానీ అడగాలని ఎక్కడా రాసి లేదు. లోపలికి వెళ్లిన తరువాత మాత్రం తొందరపడలేదు. పీజీ చదువుతున్న యువ వైద్యురాలు వేలితో ముక్కు తాకించడం, ఒక కాలి మడమను రెండవ కాలి మోకాలి నుంచి కిందికి జరిపించడం, గీత మీద నడిపించడం వంటి పరీక్షలన్నీ ఓపికగా చేయించి, ప్రతిదీ కాగితం మీద రాసుకున్నారు. పెద్దమెదడులో దెబ్బ తగిలితే శరీరం రెండవ పక్క బలహీనపడుతుందనీ, చిన్నమెదడులో అయితే అదే పక్క తేడా చేస్తుందనీ, అందువల్ల ఎడమకు తూలడమూ ఎడమ పక్క మచ్చా ఒకదానితో ఒకటి సరిపోతున్నాయనీ ఆవిడే మాకు అర్థమయ్యేలా చెప్పారు. సీటీతో తేలేది కాదు, కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ తీయాలన్నారు.

ఎంఆర్ఐ గది సిబ్బందిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. కాంట్రాస్ట్ ఇంజక్షన్‌కు ముందు మూత్రపిండాల పనితీరు తెలుసుకునే క్రియాటినిన్ పరీక్ష చూపించనిదే లోపలికి రానివ్వలేదు. నగలన్నీ తీసేయాలన్నప్పుడు మా చెల్లెలు తాళి తీయడానికి తటపటాయించింది. అక్కడి ఆయమ్మ ఏమీ మాట్లాడకుండా, ఇలాంటివి ఎన్నో చూసినట్టుగా, ఒక పసుపుతాడు తీసి ఇచ్చి, "ఇది కట్టుకోమ్మా, అది మీ అన్న దగ్గర ఉంచు" అన్నది. గదిలో శబ్దం గురించి ముందే చెప్పి చెవులకు దూది పెట్టారు. సాధారణ చిత్రాలతో ఆపకుండా, రక్తనాళాలు స్పష్టంగా కనబడే చిత్రాలు, గడ్డలోని రసాయనాలను కొలిచే స్పెక్ట్రోస్కోపీ కూడా అదే పూటలో తీశారు. మళ్లీ పిలిచి మళ్లీ డబ్బు కట్టించుకునే అలవాటున్న చోట్లు చూసినవాళ్లకు ఇది ఎంత గొప్ప విషయమో తెలుస్తుంది.

ఇక రిపోర్టు. ఇతర చోట్ల రిపోర్టును కౌంటరులో కవరులో పెట్టి ఇస్తారు. ఇక్కడ రేడియాలజిస్టు స్వయంగా మమ్మల్ని పిలిపించి, తెర మీద చిత్రాలు చూపించారు. ఎడమ పక్క ఉబ్బిన భాగంలో తెల్లని, బూడిదరంగు చారలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా కనబడుతున్నాయి. వీటినే రేడియాలజీలో పులిచారలు అంటారట. క్షయ గడ్డ అయితే కాంట్రాస్ట్ ఎక్కించగానే అంచు ఉంగరంలా మెరుస్తుందనీ, ఇది మెరవలేదనీ చెప్పారు. రక్తప్రసరణ దెబ్బ అయితే రక్తనాళం పరిధిని అనుసరించి ఉండాలి, కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోవాలి. ఇది ఉబ్బి పక్కనున్న, మెదడు నీరు పారే నాలుగవ కుహరాన్ని నొక్కుతున్నది. చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సరు కూడా ఒక్కొక్కసారి ఇలాంటి చారలతో మోసం చేస్తుందనీ, అయితే అందులో కోలిన్ అనే పదార్థం బాగా పెరుగుతుందనీ, మా చెల్లెలి స్పెక్ట్రోస్కోపీలో అది పెరగలేదనీ వివరించారు. చిన్నమెదడు మడతల మధ్య సిరలు మామూలుకంటే లోతుగా సాగి ఉండడం కూడా ఆయన అనుమానానికి బలం ఇచ్చింది. ఇంత వివరం రోగి బంధువులకు అవసరమా అని కొందరు అడగవచ్చు. నా అభిప్రాయంలో అవసరమే. ఏది ఎందుకు కాదో తెలిసినవాళ్లు తరువాత ఎవరో ఒక దూరపు బంధువు చెప్పిన మాటకు కంగారుపడి మందులు మార్చరు.

ఆయన అంతటితో ఆగి ఉంటే కూడా మేము సంతోషంగా తిరిగి వచ్చేవాళ్లము. కానీ మా చెల్లెలి ముఖం వంక చూసి, ముక్కు చుట్టూ, నుదుటి మీద ఉన్న చిన్న చిన్న గుల్లలు ఎప్పటి నుంచి ఉన్నాయని అడిగారు. పులిపిర్లనుకుని బ్యూటీ పార్లరులో ఒకటి రెండు కాల్పించుకున్నది కూడా. నోరు తెరవమని చూస్తే చిగుళ్ల మీద గులకరాళ్లు పరిచినట్టు గరుకుగా ఉంది. టేపు తెప్పించి తల చుట్టుకొలత కొలిపించారు: 59 సెంటీమీటర్లు. ఆడవాళ్లకు 58, మగవాళ్లకు 60 దాటితే ఈ సిండ్రోమ్ విషయంలో లెక్కలోకి తీసుకుంటారట. మా ఇంట్లో ఎవరికీ మామూలు సైజు హెల్మెట్ పట్టదన్నది ఏళ్లుగా మాకు ఒక వేళాకోళం. దానికి వైద్యపరమైన అర్థం ఉందని ఆ రోజే తెలిసింది. తరువాత అమ్మ గురించి అడిగారు. అమ్మకు పెళ్లయిన కొత్తలోనే గొంతు దగ్గర గడ్డ తీశారు. అమ్మమ్మ రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఇవి వేరువేరు కథలని మేము అనుకున్నాము.

వెంటనే న్యూరాలజీ ప్రొఫెసరుకు ఆయనే ఫోన్ చేసి మాట్లాడి, రిపోర్టు చివర "లెర్మిట్-డ్యుక్లో వ్యాధి కావచ్చు, కౌడెన్ సిండ్రోమ్ కోసం రోగిని, కుటుంబ చరిత్రను పరిశీలించవలెను" అనే అర్థం వచ్చే వాక్యం చేర్చారు. అదే గడ్డను అంతకు ముందు రెండు వరుసల్లో తేల్చినచోటికీ, ఇక్కడికీ ఉన్న తేడా కేవలం యంత్రానిది కాదు.

శస్త్రచికిత్స గురించి తక్కువగా చెబుతాను, ఎందుకంటే ఈ సమీక్ష నిర్ధారణ గురించి. లక్షణాలు లేనప్పుడు ఈ గడ్డను కొన్నాళ్లకొకసారి స్కాన్ చేస్తూ గమనించవచ్చు. మా చెల్లెలికి మెదడు నీటి దారి మూసుకుపోతున్నందువల్ల ఆపరేషన్ తప్పలేదు. మామూలు కణజాలానికీ గడ్డకూ మధ్య స్పష్టమైన హద్దు ఉండదనీ, పూర్తిగా తీయాలని పట్టుబడితే నడక దెబ్బతినవచ్చుననీ, ఒత్తిడి తగ్గేంతవరకు తీస్తామనీ, మిగిలినది మళ్లీ పెరిగే అవకాశం ఉందనీ న్యూరోసర్జన్ ముందే నిజాయితీగా చెప్పి సంతకం తీసుకున్నారు. ముక్క పరీక్షలో చిన్నమెదడు లోపలి పొరలో ఉండవలసిన చిన్న కణాల స్థానంలో పెద్దవి, ఆకారం తప్పినవి అయిన నాడీకణాలు ఉన్నట్టు, పీటెన్ అనే ప్రోటీను వాటిలో లేనట్టు తేలింది. రేడియాలజిస్టు మాట నిజమైంది.

ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువు పేరు కూడా పీటెనే, అది పదవ క్రోమోజోము మీద ఉంటుంది; కణాలు అతిగా పెరగకుండా కట్టడి చేయడం దాని పని. కౌడెన్ సిండ్రోమ్‌ను 1963లో వర్ణించినా, దానికి ఈ జన్యువులోని మార్పే కారణమని 1997లో తెలిసింది. రక్తపరీక్షలో మా చెల్లెలికి ఆ మార్పు ఉన్నట్టు వచ్చింది. ఇక్కడ జెనెటిక్ కౌన్సెలరు, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబానికి వివరించి చెప్పేవారు, చేసిన పని గురించి చెప్పాలి. మా అమ్మానాన్నలది మేనరికం. విషయం తెలిసిన రోజు నుంచి అమ్మ, అమ్మమ్మ తన సొంత తమ్ముడికే కూతురినిచ్చి పెళ్లి చేయవద్దని ఎవరో చెప్పినా వినలేదని తలుచుకుని, తప్పంతా ఆ పెళ్లిదేనని ఏడుస్తూనే ఉంది. కౌన్సెలరు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వంశవృక్షం గీసి, మేనరికం వల్ల సమస్య వచ్చే జబ్బులు వేరే ఉన్నాయనీ, వాటిలో తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపమున్న జన్యువు కాపీ రావాలనీ, ఇందులో ఒక్క కాపీ చాలుననీ, కాబట్టి బయటి సంబంధం చేసుకుని ఉన్నా పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగమేననీ తెలుగులో, మా జిల్లా మాటల్లో చెప్పారు. "అమ్మా, మీరు చేసిన తప్పేమీ లేదు" అన్న మాటకు అమ్మ ఆ పూట మొదటిసారి అన్నం సరిగా తిన్నది. మందుల కౌంటరులో దొరికేది కాదు ఇది.

తరువాత అమ్మకూ నాకూ పరీక్ష చేశారు. ఒకరిలో మార్పు ఎక్కడుందో తెలిసిన తరువాత మిగతావాళ్లకు ఆ ఒక్క చోటు మాత్రమే చూస్తారు కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది. అమ్మకు ఉంది, నాకు లేదు. చెల్లెలికి ఇక జీవితాంతం పాటించవలసిన పర్యవేక్షణ పట్టిక ఇచ్చారు. ఈ సిండ్రోమ్ ఉన్న ఆడవాళ్లకు జీవితకాలంలో రొమ్ము క్యాన్సరు వచ్చే అవకాశం కొన్ని అధ్యయనాల్లో 85 శాతం వరకు కనిపించింది; థైరాయిడ్, గర్భాశయ లోపలి పొర, మూత్రపిండం, పెద్దపేగు కూడా జాబితాలో ఉన్నాయి. అందువల్ల ఏటా రొమ్ము స్కానింగ్, థైరాయిడ్ అల్ట్రాసౌండ్, 35 ఏళ్ల నుంచి పెద్దపేగు కొలనోస్కోపీ, 40 నుంచి మూత్రపిండాల స్కానింగ్ సూచించారు. మార్పు ఉన్న పిల్లలకు థైరాయిడ్ అల్ట్రాసౌండ్ 7వ ఏట నుంచే మొదలుపెట్టాలట. చెల్లెలి పిల్లలు మాట ఎప్పుడు నేర్చారు, బడిలో ఎలా ఉన్నారు అని కూడా అడిగారు. పీటెన్ మార్పు ఉన్న కొందరు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యం, ఆటిజం కనబడతాయన్నది దానికి కారణం.

ఇప్పుడు లోపాలు. మొదటిది, నిర్ధారణ చేసిన విభాగాలు ఎంత కలిసికట్టుగా పనిచేశాయో, ఆ తరువాతి పర్యవేక్షణ అంత చెల్లాచెదురుగా ఉంది. రొమ్ము పరీక్షకు ఒక విభాగం, థైరాయిడ్‌కు ఒకటి, పేగుకు ఇంకొకటి. అవి వేరువేరు రోజుల్లో ఉంటాయి, ప్రతిచోటా కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒక విభాగంలో డ్యూటీ డాక్టరు "మెదడు ఆపరేషన్ జరిగినవాళ్లు ఇక్కడికెందుకు వచ్చారు" అని అడిగారు. తప్పు ఆయనది కాదు. ఈ జబ్బు ఆయన ఎన్నడూ చూసి ఉండడు. కానీ కుటుంబ పరీక్షల విషయం డిశ్చార్జి కాగితంలో ఎక్కడా లేదు. రేడియాలజీ రిపోర్టు చివర ఉన్న ఆ ఒక్క వాక్యం మేము చూపించకపోతే పని జరిగేది కాదు. రెండవది, ముక్క పరీక్ష తుది రిపోర్టు చాలా ఆలస్యమైంది, ఎక్కడ ఆగిందో చెప్పేవాళ్లు కనబడలేదు. మూడవది, జన్యు పరీక్ష ఆసుపత్రిలో జరగదు. నమూనా బయటి నగరంలోని ల్యాబుకు పంపుతారు. ఆపరేషన్ ప్రభుత్వ పథకంలో జరిగినా, ఈ పరీక్ష డబ్బు మేమే కట్టుకోవలసి వచ్చింది. పదివేలు దాటిన ఆ మొత్తం కూలి చేసుకునే కుటుంబానికి పెద్ద భారమే. ఓపీ భవనంలో మరుగుదొడ్ల గురించి రాయకపోవడమే మర్యాద.

ఇంకొక చిన్న అభ్యంతరం: రిపోర్టులు, డిశ్చార్జి కాగితం అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. జీవితాంతం పాటించవలసిన పట్టికనైనా తెలుగులో అచ్చు వేసి ఇవ్వాలని కౌన్సెలరును అడిగితే, తన చేత్తో రాసి ఇచ్చారు. ఆ కాగితాన్నే మేము లామినేషన్ చేయించుకున్నాము.

అన్నీ కూడికలు తీసివేతలు వేసుకున్నా, చిన్నమెదడుకు సంబంధించి తేలని జబ్బు ఉన్నవాళ్లకు ఈ ఆసుపత్రిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఎవరైనా విడిగా అడిగితే పేరు చెబుతాను. వెళ్లేటప్పుడు పాత స్కానింగు ఫిల్ములతోపాటు సీడీ కూడా తీసుకువెళ్లాలి, ఎందుకంటే ఫిల్ములో కనబడని చారలు కంప్యూటరు తెర మీద కనబడతాయి. ఇంట్లో ఎవరికి ఏ గడ్డ, ఏ వయసులో, ఎక్కడ తీశారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. తల్లి వైపు, తండ్రి వైపు విడివిడిగా రాయాలి. మేనరికమైతే ఆ సంగతీ దాచకుండా రాయాలి. పర్యవేక్షణ కోసం మాత్రం ఒకే విభాగంలో ఒక వైద్యుణ్ణి బాధ్యుడిగా నియమించమని మొదటి డిశ్చార్జి రోజునే రాతపూర్వకంగా అడగండి. మేము అలా అడిగిన తరువాత థైరాయిడ్ వంటి గ్రంథుల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఆ బాధ్యత తీసుకున్నది, చెల్లెలి ఫైలు ఇప్పుడు అక్కడే ఉంది.